నెల్లూరు మెట్ట ప్రాంత పునరుజ్జీవం: చివరి తూము వరకు చేరవలసిన ప్రగతి

(ప్రత్యేక విశ్లేషణ)

కోవూరు: పెన్నా నది ఉత్తర తీరాన, నెల్లూరు నగరానికి ఎదురుగా నెలకొన్న కోవూరు పట్టణం పెన్నా డెల్టాకు ముఖద్వారం వంటిది. ఇక్కడి నుండి తూర్పున సముద్రతీరం వరకు కాలువల కింద వరి సాగవుతున్నది. ఇదే పట్టణం నుండి పడమరగా బయలుదేరి బుచ్చిరెడ్డిపాళెం, సంగం దాటితే దృశ్యం మారుతుంది. ఆత్మకూరు, మర్రిపాడు, కలిగిరి, వింజమూరు, దుత్తలూరు, ఉదయగిరి, వరికుంటపాడు, సీతారామపురం మండలాలతో వెలిగొండల పాదాల వరకు విస్తరించిన మెట్ట ప్రాంతం ప్రారంభమవుతుంది. నెల్లూరు నుండి ఉదయగిరికి సుమారు వంద కిలోమీటర్ల దూరం. ఆ దూరంలోనే రెండు భిన్నమైన ఆర్థిక వ్యవస్థలు కనిపిస్తాయి. ఒకటి కాలువ నీటిపై, మరొకటి వాన చినుకుపై ఆధారపడినవి.

దశాబ్దాలుగా అభివృద్ధి చర్చలలో వెనుకబడిన ఈ మెట్ట ప్రాంతంలో గత కొన్ని సంవత్సరాలుగా పలు భారీ పథకాలు వివిధ దశలకు చేరుకున్నాయి. వెలిగొండ సొరంగాల తవ్వకం పూర్తయింది. సోమశిల ఎగువ కాలువ పనులు చేపట్టడం జరిగింది. నడికుడి-శ్రీకాళహస్తి రైలు మార్గం మంజూరై నిర్మాణంలో ఉన్నది. ఆత్మకూరు సమీపంలో చిన్న పరిశ్రమల పార్కు ఏర్పాటయింది. ఈ నేపథ్యంలో మెట్ట ప్రాంత ఆర్థిక పునరుజ్జీవానికి గల అవకాశాలు ఏపాటివి, అవి ఏ షరతులపై ఆధారపడి ఉన్నాయి అన్న అంశాలను పరిశీలించవలసిన ఆవశ్యకత ఏర్పడింది.

సగటు లెక్కల చాటున మెట్ట

మెట్ట ప్రాంతం వెనుకబాటుకు వర్షాభావం ఒక కారణం కాగా, పరిపాలనాపరమైన లెక్కలు మరొక కారణం. నెల్లూరు జిల్లా అనగానే వరి ధాన్యం, ఆక్వా చెరువులు, కృష్ణపట్నం ఓడరేవు గుర్తుకు వస్తాయి. జిల్లా సగటు దిగుబడి, సగటు ఆదాయం, సగటు సాగునీటి వసతి లెక్కించినపుడు డెల్టా, తీర మండలాల సంపద పడమటి మండలాల లేమిని కప్పివేస్తుంది. జిల్లా యూనిట్‌గా రూపొందే పథకాలలో ఈ మండలాలు వెనుకబడినవిగా నమోదు కావు.

ఇందుకు ఇటీవలి చరిత్రలోనే నిదర్శనాలు ఉన్నాయి. 2014 రాష్ట్ర పునర్విభజన చట్టానికి అనుగుణంగా కేంద్రం ప్రకటించిన వెనుకబడిన ప్రాంతాల ప్రత్యేక ప్యాకేజీ రాయలసీమ, ఉత్తర కోస్తాలకు చెందిన 7 జిల్లాలకు వర్తించింది. జిల్లాకు ఏటా రూ. 50 కోట్ల చొప్పున నిధులు కేటాయించిన ఆ జాబితాలో ప్రకాశం, నెల్లూరు జిల్లాలకు చోటు దక్కలేదు. 2024 జూలై 23న కేంద్ర బడ్జెట్ ప్రసంగంలో రాయలసీమ, ఉత్తర కోస్తాలతో పాటు ప్రకాశం పేరు చేరింది. ఉదయగిరి, ఆత్మకూరు మెట్ట మాత్రం నెల్లూరు జిల్లాలో భాగం అయినందున ఈ పర్యాయం కూడా ఆ పరిధికి వెలుపలనే ఉండిపోయింది.

1970 ఫిబ్రవరిలో ప్రకాశం జిల్లా ఆవిర్భవించినపుడు అప్పటి వరకు నెల్లూరు జిల్లాలో ఉన్న కనిగిరి, పొదిలి ప్రాంతాలు కొత్త జిల్లాలోకి వెళ్ళగా, వాటికి ఆనుకొని ఉన్న ఉదయగిరి నెల్లూరులోనే కొనసాగింది. నేల, వర్షపాతం, పంటలు, ఫ్లోరైడ్ సమస్య అన్నీ ఒకటే అయినా పామూరుకు ఒక జిల్లా ప్రణాళిక, పక్కనే ఉన్న వరికుంటపాడుకు మరొక జిల్లా ప్రణాళిక అమలు కావడం ఆనాటి నుండి వస్తున్నదే. ఈ కారణంగా, మెట్ట ప్రాంత ప్రగతిని మండలాల వారీ గణాంకాలతో విడిగా పరిశీలించే విధానం అవసరమవుతున్నది.

దీపం కింద చీకటి

పెన్నా డెల్టాకు సాగునీటి చరిత్ర పాతది. నెల్లూరు వద్ద 1850వ దశకంలోను, సంగం వద్ద 1880వ దశకంలోను ఆనకట్టలు నిర్మితమయ్యాయి. శిథిలావస్థకు చేరిన ఆ ఆనకట్టల స్థానంలో నిర్మించిన సంగం, నెల్లూరు బ్యారేజీలు 2022 సెప్టెంబరు 6న ప్రారంభమయ్యాయి. సంగం బ్యారేజీకి ఆత్మకూరు శాసనసభ్యుడిగా, పరిశ్రమల శాఖ మంత్రిగా పనిచేసి అదే సంవత్సరం ఫిబ్రవరిలో మరణించిన మేకపాటి గౌతంరెడ్డి పేరు పెట్టడం జరిగింది. ఈ బ్యారేజీ ద్వారా పెన్నా డెల్టా, కనుపూరు కాలువ, కావలి కాలువల కింద మొత్తం 3.85 లక్షల ఎకరాల ఆయకట్టు స్థిరీకరణ లక్ష్యంగా నిర్దేశించారు. ఇందులో డెల్టా ఆయకట్టు 2.47 లక్షల ఎకరాలు.

ఈ నీటికి ఆధారమైన సోమశిల జలాశయం మాత్రం మెట్ట ప్రాంతంలోనే, అనంతసాగరం మండలంలో ఉన్నది. 78 టీఎంసీల నిల్వ సామర్థ్యం గల ఈ జలాశయం నుండి నీరు దిగువన డెల్టాకు, దక్షిణాన 68 టీఎంసీల కండలేరు జలాశయానికి, అక్కడి నుండి తెలుగుగంగ ద్వారా చెన్నై నగరానికి చేరుతున్నది. ఎగువన ఉన్న ఉదయగిరి, మర్రిపాడు, దుత్తలూరు భూములు జలాశయపు మట్టం కంటే ఎత్తున ఉన్నందున సాధారణ కాలువ ద్వారా వాటికి నీరు పారదు. జలాశయం తమ ఎదుటే ఉన్నా చేనుకు నీరు లేని ఈ స్థితిని స్థానిక రైతులు దీపం కింద చీకటిగా భావించడంలో ఆశ్చర్యం లేదు.

2021 నవంబరు నెల ఈ వైరుధ్యాన్ని మరింత స్పష్టం చేసింది. ఆ నెలలో పెన్నాకు వచ్చిన వరద కోవూరు మండలం పడుగుపాడు వద్ద రైలు కట్టను కోసివేయడంతో చెన్నై-విజయవాడ మార్గంలో రైళ్ళు నిలిచిపోయాయి. కోవూరు సమీపంలో జాతీయ రహదారి సైతం దెబ్బతిన్నది. నదికి నీరు ఎక్కువై దిగువ ప్రాంతం నష్టపోతున్న సందర్భంలో, ఆ నీటిలో కొంత భాగాన్ని ఎగువన నిలుపుకోగల ఏర్పాటు మెట్టకు లేకపోయింది. ఎగువన నిల్వ, వినియోగం పెరిగితే ఒక మోస్తరు వరదలలో దిగువన ఉన్న కోవూరుకు సైతం కొంత ఊరట లభిస్తుందన్న అంశం గమనార్హం. మెట్ట ప్రయోజనం, డెల్టా ప్రయోజనం పరస్పర విరుద్ధాలన్న అభిప్రాయం అన్ని వేళలా సరికాదు.

రెండు పథకాలు, 1.74 లక్షల ఎకరాలు

ఈ లోటును పూరించడానికి రెండు పథకాలు ఉద్దేశించబడినవి. మొదటిది సోమశిల హైలెవల్ లిఫ్టు కాలువ. రెండు దశలలో ఆత్మకూరు, ఉదయగిరి నియోజకవర్గాలలోని సుమారు 90 వేల ఎకరాలకు సాగునీరు అందించడం దీని లక్ష్యం. రెండవ దశ పనులకు 2020 నవంబరులో శంకుస్థాపన జరిగింది.

రెండవది పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టు. శ్రీశైలం జలాశయం ఎగువన కొల్లంవాగు వద్ద నుండి నల్లమల కొండల గుండా సుమారు 18.8 కిలోమీటర్ల పొడవైన జంట సొరంగాల ద్వారా 43.5 టీఎంసీల కృష్ణా వరద జలాలను మళ్ళించి, సుంకేశుల, గొట్టిపడియ, కాకర్ల వద్ద కొండల నడుమ గల ఖాళీలను ఆనకట్టలతో మూసి ఏర్పరచిన నల్లమల సాగర్‌లో నిల్వ చేయడం ఈ ప్రాజెక్టు స్వరూపం. దీని ద్వారా ఉమ్మడి ప్రకాశం, నెల్లూరు, కడప జిల్లాలలో 4.47 లక్షల ఎకరాలకు సాగునీరు, 15.25 లక్షల మందికి తాగునీరు అందించాలన్నది లక్ష్యం. ఇందులో నెల్లూరు జిల్లా వాటా 84 వేల ఎకరాలు.

రెండు పథకాలూ పూర్తయితే నెల్లూరు మెట్టలో సుమారు 1.74 లక్షల ఎకరాలకు నీటి వసతి ఏర్పడుతుంది. పెన్నా డెల్టా ఆయకట్టుతో పోల్చితే ఇది మూడింట రెండు వంతులకు మించిన విస్తీర్ణం. పథకాల ప్రాధాన్యం ఎంతటిదో ఈ ఒక్క అంకె వెల్లడిస్తున్నది.

అయితే వెలిగొండకు 1996లో తొలి శంకుస్థాపన జరిగింది. 2004 తరువాత పనులు ఊపందుకున్నాయి. మొదటి సొరంగం తవ్వకం 2021లోను, రెండవ సొరంగం తవ్వకం 2024లోను ముగిశాయి. 2024 మార్చి 6న సొరంగాలను జాతికి అంకితం చేశారు. అయినప్పటికీ ముంపునకు గురయ్యే 11 గ్రామాల ప్రజలకు పునరావాసం, ఫీడరు కాలువ, పంపిణీ కాలువల పనులు ఆ నాటికి మిగిలిపోయాయి. 2026 నాటికి తొలి విడత నీరు విడుదల చేయాలన్నది రాష్ట్ర ప్రభుత్వం 2025లో ప్రకటించిన లక్ష్యం.

ఈ సందర్భంగా ఒక సాంకేతిక అంశాన్ని గుర్తించవలసి ఉన్నది. మొదటి సొరంగం సామర్థ్యం 3,000 క్యూసెక్కులు, రెండవ దానిది 8,500 క్యూసెక్కులు. రెండూ కలిసి రోజుకు సుమారు ఒక టీఎంసీ నీటిని తరలించగలవు. ఆ లెక్కన 43.5 టీఎంసీలకు దాదాపు 44 రోజుల వరద ప్రవాహం అవసరం. ఒక్క మొదటి సొరంగమే పనిచేస్తే అదే వ్యవధిలో 12 టీఎంసీలకు లోపే నీరు చేరుతుంది. కావున "వెలిగొండ నీరు వచ్చింది" అన్న ప్రకటన వెలువడినపుడు ఏ సొరంగం ద్వారా, ఎన్ని రోజులు, ఎంత నీరు అన్న వివరాలు ప్రధానమవుతాయి. పునర్విభజన చట్టం పదకొండవ షెడ్యూలులో చోటు పొందిన ఈ ప్రాజెక్టు మిగులు జలాలపై ఆధారపడినదన్న విషయం సైతం విదితమే. శ్రీశైలానికి వరద తక్కువగా వచ్చే సంవత్సరాలలో నల్లమల సాగర్‌లో ముందటి ఏటి నిల్వ, గ్రామాలలోని చెరువులు మాత్రమే ఆదుకోగలవు.

సాగునీటి కంటే ముందుగా స్పందించవలసినది తాగునీటి సమస్య. ఉదయగిరి, వరికుంటపాడు, కొండాపురం మండలాలలో పలు గ్రామాలు భూగర్భ జలాలలోని ఫ్లోరైడ్‌తో చిరకాలంగా బాధపడుతున్నాయి. బోరు లోతు పెరిగిన కొలదీ ఈ ముప్పు అధికమవుతున్నది. ఎముకలు వంగి, నడివయసుకే పని చేయలేని స్థితికి చేరే కుటుంబ యజమానికి కాలువ కింద పంట పండించే శక్తి ఉండదు. ఉపరితల జలాలను మొదట తాగునీటికి, ఆ పిదప సాగుకు కేటాయించే క్రమాన్ని పాటించడం ఆర్థిక కోణంలో చూసినా సమంజసమైనదే.

డెల్టా నమూనా మెట్టకు తగదు

కాలువ వచ్చిన వెంటనే వరి వేయడం రైతులకు సహజంగా కలిగే ఆలోచన. డెల్టా పక్కనే ఉన్న మెట్ట రైతుకు ఆ ఆశ మరింత బలమైనది. కానీ ఒక టీఎంసీ నీటితో స్థూలంగా పది వేల ఎకరాల వరి పండుతుందనుకుంటే, ఆరుతడి పంటలకు అదే నీరు అంతకు మించిన విస్తీర్ణానికి సరిపోతుంది. కాలువ మొదట్లోని రైతులు వరి సాగు చేస్తే శివారు భూములకు నీరు అందదు. గత అర్ధ శతాబ్ది కాలంలో రాష్ట్రంలోని అనేక ప్రాజెక్టుల కింద ఇదే అనుభవం పునరావృతమైంది.

దేశంలోనే తొలిసారిగా 1997లో సాగునీటి వ్యవస్థల నిర్వహణను రైతు సంఘాలకు అప్పగిస్తూ రాష్ట్ర శాసనసభ చట్టం చేసింది. 2003లో ప్రారంభమైన సూక్ష్మసేద్య పథకం బిందు, తుంపర సేద్య పరికరాలను రాయితీపై అందుబాటులోకి తెచ్చింది. ఈ రెండు ఏర్పాట్లనూ కొత్త ఆయకట్టులో తొలి ఏటి నుండే అనుసంధానం చేయడం మేలు. నీటి వినియోగదారుల సంఘాలకు 2024 డిసెంబరులో ఎన్నికలు జరిగిన దృష్ట్యా, పంపిణీ కాలువల కింద పంటల విధానాన్ని నీరు రాక ముందే గ్రామసభలలో నిర్ణయించుకోవడానికి వీలున్నది. ఒకసారి వరి మడులు కట్టిన తరువాత వాటిని మాన్పించడం ఏ శాఖకూ సాధ్యపడే పని కాదు.

జిల్లాకు లభించే వర్షంలో అధిక భాగం అక్టోబరు-డిసెంబరు నెలల మధ్య ఈశాన్య రుతుపవనాల వల్ల, వాయుగుండాల రూపంలో వస్తుంది. కొద్ది రోజులలోనే కురిసి వెళ్ళిపోయే ఆ వాన చెరువులలో నిలిచినపుడే మెట్టకు అక్కరకు వస్తుంది. అనంతసాగరం, కలువాయి వంటి పెద్ద చెరువులు మొదలుకొని ఊరూరా ఉన్న కుంటల వరకు పూడికతీత, కట్టల పటిష్ఠత, వరవ కాలువల పునరుద్ధరణ చేపడితే, భారీ ప్రాజెక్టుల నీరు చేరే లోపు సైతం కొంత ఫలితం కనిపిస్తుంది. కాలువ నీటిని చెరువులతో అనుసంధానిస్తే అవే చెరువులు రేపు పంపిణీ కేంద్రాలుగా ఉపయోగపడతాయి.

పంట ఉన్నది, ధర నిలకడ లేదు

మెట్ట ప్రాంతం పంటలు లేని ప్రాంతం కాదు. పొదలకూరు, రాపూరు, కలువాయి, సైదాపురం, చేజర్ల మండలాలలో నిమ్మ తోటలు విస్తారంగా ఉన్నాయి. గూడూరు, పొదలకూరు మార్కెట్ల నుండి నిమ్మకాయలు ఢిల్లీతో సహా ఉత్తరాది నగరాలకు ఎగుమతి అవుతున్నాయి. వేసవిలో అక్కడ గిరాకీ ఉన్నంత కాలం మంచి ధర పలికి, ఎండలు తగ్గగానే కోత కూలి కూడా దక్కని స్థితి ఏర్పడడం రైతులకు అలవాటైన అనుభవం. కాయ అమ్మకం తప్ప రసం, పచ్చడి, పొడి తయారీకి తగిన స్థాయిలో యూనిట్లు ఈ ప్రాంతంలో నెలకొనలేదు.

పొగాకు విషయంలోనూ ఇదే బలహీనత. కలిగిరి, డి.సి.పల్లి వద్ద పొగాకు బోర్డు వేలం కేంద్రాలు ఉన్నాయి. నీరు తక్కువ ఉన్న తేలిక నేలల్లో నగదు చేతికి అందించే పంట కావడంతో రైతులు దీనిని వదులుకోలేకపోతున్నారు. అయితే కంపెనీల కొనుగోలుపైనే ధర ఆధారపడి ఉన్నది. 2025లో నల్లబర్లీ పొగాకుకు కొనుగోలుదారులు కరవు కావడంతో రాష్ట్ర ప్రభుత్వమే మార్క్‌ఫెడ్ ద్వారా రంగంలోకి దిగవలసి వచ్చింది. ఇటువంటి జోక్యం ఆ ఏడాదికి ఉపశమనం కలిగించగలదే కాని, ప్రత్యామ్నాయ పంటకు నీరు, మార్కెట్ రెండూ సమకూరే వరకు రైతు పొగాకు బ్యారన్ నుండి బయటకు రాలేడు.

పశుసంపద ఈ ప్రాంతానికి ఉన్న మరొక బలం. ఎత్తైన దేహం, వేడిని తట్టుకునే గుణం గల నెల్లూరు జాతి గొర్రెలు పల్ల, జోడిపి, దొర అనే రకాలుగా ప్రసిద్ధి పొందాయి. పశువుల విషయానికి వస్తే, బ్రెజిల్ దేశపు మాంస పరిశ్రమకు వెన్నెముకగా నిలిచిన "నెలోర్" జాతి ఒంగోలు పశువుల సంతతి. ఒంగోలు ప్రాంతం ఒకనాడు నెల్లూరు జిల్లాలో ఉన్న కారణంగా ఆ పేరు ఖండాంతరాలకు వెళ్ళింది. దక్షిణ భారతదేశానికి ఉద్దేశించిన జాతీయ కామధేను పెంపక కేంద్రం కొండాపురం మండలం చింతలదేవిలో ఏర్పాటయింది. మేలుజాతి పశువుల సంరక్షణ కేంద్రంగా ఇది ఎంత పేరు పొందినా, చుట్టుపక్కల గ్రామాల పెంపకందారులకు దూడలు, వైద్య సేవలు, శిక్షణ అందినపుడే స్థానిక ఆర్థిక వ్యవస్థపై దాని ప్రభావం కనిపిస్తుంది.

మార్గాలు వస్తున్నవి, స్టేషన్లు సరుకు కోసం ఎదురుచూస్తాయి

2011-12లో మంజూరైన నడికుడి-శ్రీకాళహస్తి రైలు మార్గం పొడవు సుమారు 309 కిలోమీటర్లు. తీరం వెంట సాగే ప్రధాన రైలు మార్గానికి సమాంతరంగా, పామూరు, వరికుంటపాడు, వింజమూరు, ఆత్మకూరు, రాపూరు, వెంకటగిరి మీదుగా ఈ మార్గం వెళుతుంది. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత కూడా రైలు కూత వినని ఉదయగిరి, ఆత్మకూరు మెట్టకు ఇది తొలి రైలు మార్గం కానున్నది. పిడుగురాళ్ళ వైపు నుండి దశలవారీగా పూర్తవుతున్న ఈ మార్గంలో నెల్లూరు జిల్లా భాగం ఎప్పటికి పూర్తవుతుందన్నది మెట్ట పరిశ్రమలకు నిర్ణాయకం.

2019 సెప్టెంబరు 1న జాతికి అంకితమైన ఓబులవారిపల్లె-వెంకటాచలం రైలు మార్గం ఒక పాఠం నేర్పుతున్నది. 6.6 కిలోమీటర్ల సొరంగంతో వెలిగొండలను దాటి రాపూరు మీదుగా 113 కిలోమీటర్లు సాగే ఈ మార్గం రాయలసీమను కృష్ణపట్నం ఓడరేవుతో దగ్గర చేసింది. సరుకు రైళ్ళకు దూరం తగ్గింది. కానీ మార్గం మధ్యలోని మెట్ట గ్రామాలలో సరుకు ఎక్కించే గిడ్డంగులు, శీతల గిడ్డంగులు సమాంతరంగా ఏర్పడనందున రైళ్ళు ఆ గ్రామాలను దాటుకుంటూ పోతున్నాయి. నడికుడి మార్గంలోనూ ఇదే పరిస్థితి తలెత్తకుండా స్టేషన్ల స్థలాలతో పాటే గిడ్డంగుల స్థలాలను నిర్దేశించడం ముందుచూపు అనిపించుకుంటుంది.

కోవూరు నేర్పే పాఠం

పరిశ్రమల విషయంలో తీరం, మెట్ట మధ్య వ్యత్యాసం స్పష్టం. 2008లో ప్రారంభమైన కృష్ణపట్నం ఓడరేవు, 2022లో శంకుస్థాపన జరిగిన రామాయపట్నం ఓడరేవు, 2025 జనవరి 8న ప్రధానమంత్రి శంకుస్థాపన చేసిన కృష్ణపట్నం పారిశ్రామిక ప్రాంతం అన్నీ తీరానికే చెందినవి. కోవూరు నియోజకవర్గంలోని కొడవలూరు మండలం రాచర్లపాడు వద్ద రెండున్నర వేల ఎకరాలకు పైబడిన విస్తీర్ణంలో ఇఫ్కో కిసాన్ ప్రత్యేక ఆర్థిక మండలి ఏర్పాటయింది.

మెట్టకు సంబంధించి 2025 మే 1న ఆత్మకూరు సమీపంలోని నారంపేటలో సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల పార్కును ముఖ్యమంత్రి ప్రారంభించారు. అదే సంవత్సరం నవంబరు 11న పొరుగున ఉన్న కనిగిరి ప్రాంతంలోని పెదఈర్లపాడు నుండి రాష్ట్రవ్యాప్తంగా మరికొన్ని పార్కులకు శ్రీకారం చుట్టారు. అదే కనిగిరి ప్రాంతంలో, దివాకరపల్లి వద్ద నేపియర్ గడ్డి వంటి ముడిసరుకుతో నడిచే రిలయన్స్ బయోగ్యాస్ ప్లాంటుకు 2025 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. బీడు భూములకు కౌలు, గడ్డి సాగుకు నిశ్చిత కొనుగోలు లభిస్తే ఇటువంటి పరిశ్రమలు మెట్ట స్వభావానికి అనువైనవే.

అయితే పార్కు ప్రారంభం ఒక దశ, పరిశ్రమ నిలదొక్కుకోవడం మరొక దశ. ఇందుకు కోవూరే ఉదాహరణ. మండలంలోని పోతిరెడ్డిపాళెంలో నెలకొల్పిన సహకార చక్కెర కర్మాగారం ఒకనాడు చెరకు రైతులకు, కార్మికులకు జీవనాధారంగా నిలిచింది. 2010వ దశకంలో అది మూతపడింది. పక్కనే పెన్నా నీరు, జాతీయ రహదారి, రైల్వే స్టేషన్, నగర మార్కెట్ అన్నీ ఉన్న చోట కర్మాగారం మూతపడగలిగినపుడు, నీరు, రహదారి వచ్చినంత మాత్రాన మెట్టలో పరిశ్రమ నిలుస్తుందని భావించలేము. ముడిసరుకు నిరంతర లభ్యత, నిర్వహణ మూలధనం, రైతుకు సకాలంలో చెల్లింపు అనే మూడూ కలిసినపుడే ప్రాసెసింగ్ పరిశ్రమ మనుగడ సాగిస్తుంది. పామూరు, పి.సి.పల్లి మండలాలలో 2010వ దశకంలో ప్రతిపాదించిన జాతీయ పెట్టుబడులు, ఉత్పాదక మండలి సైతం ప్రతిపాదన దశను దాటి ఆశించిన రూపు దాల్చలేదన్న సంగతి ఈ సందర్భంలో గుర్తుంచుకోదగినది.

మరో వైపు, చేతి పనికి గల విలువను ఉదయగిరి నిరూపిస్తున్నది. నర్ది, బిక్కి వంటి అడవి కలపతో అక్కడి కళాకారులు, ముఖ్యంగా మహిళలు, తయారుచేసే చెక్క గరిటెలు, చెంచాలు, ఫోర్కులకు భౌగోళిక సూచిక గుర్తింపు లభించింది. గుర్తింపు ఉన్నా కలప సరఫరాకు అటవీశాఖ అనుమతులు, నేరుగా అమ్ముకునే వసతి లేనిదే కళాకారుల ఆదాయం పెరగదు. 1514లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుండి స్వాధీనం చేసుకున్న ఉదయగిరి దుర్గం, రాపూరు మండలంలోని పెంచలకోన, అనుమసముద్రంపేట దర్గా, సీతారామపురం మండలంలోని ఘటిక సిద్ధేశ్వరం కలిపి ఒక యాత్రా వలయంగా రూపొందితే ఈ కళాకారులకు తమ ఊరిలోనే మార్కెట్ ఏర్పడుతుంది.

పురోగతికి కొలమానాలు

పైన పేర్కొన్న అంశాల దృష్ట్యా మెట్ట ప్రాంత పునరుజ్జీవాన్ని అంచనా వేయడానికి మంజూరైన నిధులు, జరిగిన శంకుస్థాపనల సంఖ్య చాలవు. క్షేత్రస్థాయిలో పరిశీలించదగిన సూచికలు ఈ క్రింది విధంగా ఉన్నాయి.

1. వెలిగొండ ముంపు గ్రామాలలో పునరావాసం పూర్తయిన కుటుంబాల సంఖ్య. ఇది పూర్తి కానిదే నల్లమల సాగర్‌లో పూర్తి స్థాయి నిల్వ సాధ్యపడదు.

2. వెలిగొండ, సోమశిల ఎగువ కాలువల కింద తవ్విన పంపిణీ కాలువలు, పంట కాలువల పొడవు. ప్రధాన కాలువలో పారే నీటికి, చేనులో పారే నీటికి మధ్య దూరాన్ని ఇవే తగ్గిస్తాయి.

3. కొత్త ఆయకట్టులో శివారు భూములకు తడి అందిన విస్తీర్ణం, ఆరుతడి పంటల వాటా.

4. ఫ్లోరైడ్ పీడిత గ్రామాలలో ఉపరితల జలాలు నిత్యం అందుతున్న ఇళ్ళ సంఖ్య.

5. నారంపేట పార్కులో ఉత్పత్తి ప్రారంభించిన యూనిట్లు, వాటిలో స్థానికులకు లభించిన ఉద్యోగాలు, మూడేళ్ళ తరువాత కూడా నడుస్తున్న యూనిట్లు.

6. నిమ్మ, పొగాకు ప్రాంతాలలో నిల్వ, ప్రాసెసింగ్ సదుపాయాల సామర్థ్యం, గిట్టుబాటు ధర తగ్గిన నెలల్లో రైతుకు అందిన సగటు ధర.

ఈ సూచికలను జిల్లా సగటుగా గాక మండలాల వారీగా ఏటా ప్రకటించే పద్ధతి నెలకొంటే, పడమటి మండలాల స్థితి డెల్టా సంపద వెనుక మరుగున పడిపోదు. పొరుగు జిల్లాలోని కనిగిరి, పామూరు మండలాలతో కలిపి సమీక్షిస్తే ఒకే నేలకు రెండు ప్రణాళికలు అన్న లోపం కూడా కొంత మేరకు తొలగుతుంది.

ఉదయగిరి, వింజమూరు ప్రాంతాల నుండి పని కోసం నెల్లూరు, చెన్నై, బెంగళూరు, హైదరాబాదు నగరాలకు వలస వెళ్ళడం అనేక కుటుంబాలకు తరతరాల అనుభవం. ఊళ్ళో వృద్ధులను, బీడు పడిన చేలను వదిలి వెళ్ళిన ఆ కుటుంబాలు తిరిగి వస్తాయా, లేదా అన్నదే ఈ పథకాలన్నిటికీ అంతిమ పరీక్ష. 1850వ దశకంలో పెన్నాపై కట్టిన ఆనకట్ట కోవూరు ప్రాంతాన్ని ధాన్యాగారంగా మార్చడానికి కాలువలు, పిల్ల కాలువలు, మిల్లులు, మార్కెట్లు ఒక్కొక్కటిగా తోడు కావలసి వచ్చింది. నల్లమల కొండలను తొలిచిన సొరంగాలు ఆ చరిత్రలో మొదటి అధ్యాయం వంటివి. సొరంగం నుండి చివరి తూము వరకు, తూము నుండి గిడ్డంగి వరకు మిగిలిన పనులు అదే పట్టుదలతో పూర్తయినపుడు, నెల్లూరు జిల్లా సగటు లెక్కలలో మెట్ట ప్రాంతం సైతం తన వంతు సంపదను జోడించగలదని ఆశించవచ్చు.